రెండోసారి అడగరాదు

చిన్నపిల్లలకు ప్రవేశ పరీక్షలు పెట్టకూడదని పైనుంచి ఆదేశం వచ్చినప్పుడు సప్తసముద్ర గ్లోబల్ స్కూల్ కరస్పాండెంటు విశ్వంభరరావుగారు ఏమాత్రం కంగారు పడలేదు. కళ్ళజోడు తుడుచుకుని ఆదేశాన్ని శ్రద్ధగా చదివారు. పిల్లలకు పెట్టకూడదని ఉంది. తల్లులకు పెట్టకూడదని ఎక్కడా లేదు.

ఇక పరీక్ష దేనిలో పెట్టాలన్నదే మిగిలింది. దానికి జవాబు ఆయనకు బెంగళూరులో దొరికింది. మేనకోడలి గృహప్రవేశానికని వెళ్ళి, ఒక పెద్ద వీధిలో అద్దాల కాఫీ దుకాణం కనబడితే లోపలికి వెళ్ళి కూర్చున్నారు. ఎవరో ఒకరు వచ్చి 'ఏం తీసుకుంటారండీ' అనకపోతారా అని చాలాసేపు చూశారు. ఎవరూ రాలేదు. ఇంతలో గౌను వేసుకున్న ఒక బుల్లిపిల్ల కౌంటరు ముందు మునివేళ్ళ మీద నిలబడి, తనకేం కావాలో, ఎంత కప్పులో కావాలో, పైన నురగ ఎంత మందాన ఉండాలో గడగడా చెప్పి, తన పేరు రాసిన కప్పు పట్టుకుని వెళ్ళిపోయింది. విశ్వంభరరావుగారు ఆవేళ కాఫీ తాగకుండానే బయటికొచ్చారు. కానీ జ్ఞానంతో వచ్చారు.

"మన జాతి ఎందుకు వెనకబడింది?" అని తల్లిదండ్రుల సమావేశంలో మైకు పట్టుకుని అడిగారు. జవాబూ ఆయనే చెప్పారు. "మనకు కాఫీ అడక్కుండానే వచ్చేస్తోంది! వద్దన్నా వచ్చేస్తోంది! అడక్కుండా కాఫీ వచ్చే ఇంట్లో పెరిగిన బిడ్డకు రేపు అంతర్జాతీయ వేదిక మీద నిలబడి అడిగే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? కావున ఈ విద్యాసంవత్సరం నుండి ఎల్‌కేజీ సీట్లను కాఫీ ఆధారిత ప్రవేశ విధానం ద్వారా భర్తీ చేయుటకు యాజమాన్యం సంకల్పించినది."

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న సత్యవేణి కూడా కొట్టింది. కొడుతూనే ఆమెకు గుండెల్లో దడ మొదలైంది.

సత్యవేణికి దడ కొత్త కాదు. కూతురు కుందన ఒక్కసారి తుమ్మితే రాత్రికి జ్వరం, రేపటికి ఆసుపత్రి ఆమె కళ్ళ ముందుకొచ్చేస్తాయి. ఇంటరు మొదటి ఏడాది మధ్యలో పెళ్ళి కుదిరిందని కాలేజీ మాన్పించారు. పరీక్షలు అయ్యాక చేద్దాంలే అని ఒక్కరైనా అంటారేమో అని అప్పుడు ఆమె ఎదురుచూసింది. ఎవరూ అనలేదు. ఇప్పుడు ఇంగ్లీషులో కాయితం ఏదొచ్చినా మడిచి ఫ్రిజ్ మీద పెట్టి, సాయంత్రం మొగుడొచ్చేదాకా దాని వైపు చూడకుండా తిరుగుతుంది. కుందన అలా తిరగకూడదు. ఆమెకు కావలసింది అంతే.

మొగుడు బాబ్జీకి మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు ఉంది. ఆ రాత్రి భోజనాల దగ్గర సత్యవేణి సంగతి కదిపింది.

"ఏవండీ, కాఫీలో పరీచ్చ పెడతారంటండి."

"కాఫీ తాగడవేగా? పుట్టిన కాణ్ణించీ తాగుతానే ఉన్నావు కదే."

"మనం తాగినట్టు కాదంటండి. తాగి చెప్పాలంట."

"ఏం చెప్పాల?"

"అందులో ఏ పండు వాసనొస్తందో."

బాబ్జీ ముద్ద నోటి దగ్గరే ఆగింది. "కాఫీలోనా?"

"ఆయ్."

అత్తగారు రత్నమ్మ మజ్జిగ గిన్నె ఠక్కున కింద పెట్టింది. "కాఫీలో పళ్ళేసుకునే వోళ్ళ బళ్ళో నా మనవరాల్నేత్తావేంటే? ఏం, మన పక్కీధి బడికేమొచ్చింది?"

"దాంట్లో ఇంగ్లీషు లేదండి అత్తయ్యగారు."

"ఉన్న దాంట్లో కాఫీ ఎక్కువైపోయిందిగా!" అంది రత్నమ్మ.

పరీక్ష అన్న మాట వినబడ్డ వారంలోపే స్కూలు గేటుకు ఎదురుగా కోచింగ్ సెంటరు వెలిసింది. దాని పేరు విజయధ్వజ కాఫీ అకాడమీ. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి మానేసిన జోగారావు సారు దాన్ని పెట్టారు. తెల్లారగట్ల తల్లులకు ఒక బ్యాచి, పిల్లలు పడుకున్నాక మధ్యాహ్నం రివిజన్.

"కాఫీ నోట్లో పడకముందే ఆన్సరు రెడీగా ఉండాలమ్మా! తాగి, ఆలోచించి, అప్పుడు చెబుదాం అనుకున్నవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. టైము వేస్టు. అందరూ నాతో పాటు అనండి. మొదట నేరేడు."

"మొదట నేరేడు."

"మధ్యలో బెల్లం. ఆఖర్న గంధపు చెక్క."

తల్లులందరూ అన్నారు. ముందు బెంచీలో ఒకావిడ చెయ్యెత్తింది. "సార్, వేరే రకం కాఫీ ఇస్తేనండి?"

"ఏ రకం ఇచ్చినా నేరేడే."

"టీ ఇస్తేనండి?"

"టీ సిలబస్‌లో లేదు. కూర్చోమ్మా."

సత్యవేణి అంట్లు తోముతూ నేరేడు, బట్టలు ఆరేస్తూ బెల్లం, పడుకోబోయే ముందు గంధపు చెక్క వల్లించింది. వినీ వినీ కుందన కూడా పాలు తాగి మూతి తుడుచుకుని "ఆకర్న గందపు తెక్క" అనడం మొదలెట్టింది. సత్యవేణికి ఆ మాట వింటే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేవి.

మొదటి దశ ఆర్డరు ఇవ్వడం. స్కూలు ఆఫీసు గదిలో ఇదివరకు సరస్వతీదేవి పటం ఉన్నచోట ఇప్పుడు కాఫీల పేర్లు రాసిన నల్ల బోర్డూ, కింద కౌంటరూ ఉన్నాయి. కౌంటరు వెనక కాఫీ సంస్కృతి సమన్వయకర్త ప్రణీతి మేడం చేతిలో ట్యాబుతో నిలబడి ఉంది. ఆ ఉద్యోగం పుట్టకముందు ఆవిడ అదే స్కూల్లో డ్రాయింగు చెప్పేది.

"పరిమాణం?" అని అడిగింది మేడం.

"మామూలుదండి."

"మామూలు అనే పరిమాణాన్ని సంస్థ గుర్తించలేదు."

సత్యవేణికి కోచింగులో విన్న ముక్క ఏదో లీలగా మెదిలింది. "మధ్యస్థంగా పెద్దదండి" అంది. మేడం ట్యాబు మీద వేలు నొక్కి, తల పంకించింది. ఆ దశ గట్టెక్కింది.

రెండో దశ రుచి చూసి చెప్పడం. ఆ రోజు పొద్దున్నే కాఫీ యంత్రం మొరాయించింది. పరీక్ష వాయిదా వేస్తే అంతర్జాతీయ ప్రమాణాలు దెబ్బతింటాయని కరస్పాండెంటుగారు అనడంతో, మూతలున్న కప్పుల్లో వట్టి వేడిపాలు పోసి ఇచ్చారు. సత్యవేణి గుటక వేసింది. పాలు. పంచదార కూడా లేదు. బెదురుగా పక్కకు చూసింది. పక్కావిడ కళ్ళు మూసుకుని, "నేరేడు" అంటోంది. ఆ పక్కావిడ అప్పుడే బెల్లం దాకా వచ్చేసింది.

'పాలండి' అనే మాట సత్యవేణి నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాట వెనకే యూనిఫారం వేసుకున్న కుందన కనబడింది. మాట మింగేసింది.

"మొదట నేరేడండి. మధ్యలో బెల్లం. ఆఖర్న గంధపు చెక్క."

పరిశీలకులు దక్షిణామూర్తిగారు రిటైరైన తహసీల్దారు. ఆయన కూడా తన కప్పులోంచి ఒక గుక్క తాగి, పైకి చూస్తూ, "నాకు గంధం కొంచెం ముందుగానే తగిలింది. అయినా మంజూరు చేయవచ్చును" అన్నారు.

ఇక మిగిలింది మూడో దశ, ఇంటి కాఫీ పరిశీలన. కరస్పాండెంటుగారు, ప్రణీతి మేడం, దక్షిణామూర్తిగారు ముగ్గురూ కమిటీగా ఇంటికే వచ్చి, తల్లి కాఫీ కలిపే తీరు చూసి, తాగి, మార్కులు వేస్తుంది. ఇందులో పెద్ద నిబంధన ఒకటుంది. బెంగళూరు దుకాణంలో కరస్పాండెంటుగారిని ఎవరూ బలవంతపెట్టలేదు కదా, ఆ సంస్కారం నుంచి పుట్టింది. 'అతిథిని కాఫీ తీసుకొందురా అని ఒక్కసారి మాత్రమే అడుగవలెను. అతిథి వద్దన్నచో దానిని సంపూర్ణ నిరాకరణగా గౌరవించవలెను. రెండోసారి అడుగుట వేధింపుగా పరిగణించబడును.'

"గుర్తెట్టుకోండి! వద్దు, ఎందుకండీ శ్రమ, ఇప్పుడే తాగొచ్చాం: మూడూ నిరాకరణలే. రెండోసారి నోరు తెరిచారో, నెగెటివ్ మార్కింగ్!" అన్నారు జోగారావు సారు.

పరిశీలన రోజున సత్యవేణి చీకటితోనే లేచి ఫిల్టరులో పొడి వేసి డికాక్షన్ దింపింది. అత్తగారిని పడగ్గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది. ఇంటికొచ్చిన మనిషిని ఒక్కసారి అడిగి ఊరుకోవడం రత్నమ్మ జన్మలో లేదు. కరెంటు మీటరు చూడటానికొచ్చిన వాడు కూడా ఆవిడ చేతి కాఫీ తాగకుండా గడప దాటలేదు.

మంచి ఎండలో ముగ్గురూ వచ్చారు. సోఫాలో కూర్చుని చెమటలు తుడుచుకున్నారు. లోపల పాలు పొంగుకొస్తున్న వాసన, దాని మీద డికాక్షన్ ఘుమఘుమ హాల్లోకి వచ్చేస్తున్నాయి.

సత్యవేణి చేతులు కట్టుకుని, వల్లించుకున్నది తప్పు పోకుండా అడిగింది. "కాఫీ తీసుకుంటారాండి?"

"అబ్బే, వద్దమ్మా! ఇప్పుడే తాగొచ్చాం" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

అలా అనాలని ఎవరూ అనుకోలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు రావలసిన మాట అదే గనక అదే వచ్చింది. ఆ తర్వాత ఇంటావిడ 'అయ్యో అదేంటండీ, ఒక్క చుక్క' అనాలి, తాము 'సరే, మీ మాట కాదనలేం' అనాలి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వాళ్ళు తాగిన కాఫీలన్నీ ఆ దారినే వచ్చాయి. కాబట్టి వాళ్ళు ప్రశాంతంగా ఎదురుచూశారు.

"సరేనండి" అని సత్యవేణి కుర్చీలో కూర్చుంది.

దక్షిణామూర్తిగారు గొంతు సవరించుకుని, "డికాక్షన్ బాగా దిగినట్టుందే" అన్నారు గాల్లోకి.

"ఆయ్. దిగిందండి."

"చికోరీ తక్కువ అనుకుంటా" అంది ప్రణీతి మేడం, ముక్కు ఎగబీలుస్తూ.

"తక్కువేనండి."

పడగ్గది తలుపు సందులోంచి రత్నమ్మ గొంతు బుసకొట్టినట్టు వచ్చింది. "ఇంకోసారడగవే! నోరు పడిపోయిందా? మడుసులు సోష కొట్టి పడిపోయేలా ఉన్నారు!"

సత్యవేణి పళ్ళ బిగువున కూర్చుంది. అడగాలని ఆమెకూ ప్రాణం కొట్టుకుంటోంది. అడిగితే సీటు పోతుంది. కాసేపటికి కమిటీ తడారిన గొంతులతో లేచి వెళ్ళిపోయింది. ఫలితం సాయంత్రానికి ఫోనుకు వచ్చింది. అతిథి సమ్మతిని గౌరవించుట: నూటికి నూరు. కాఫీ నాణ్యత: కాఫీ లభ్యం కానందున పరిశీలించబడలేదు. సీటు: పెండింగ్.

పట్నంలో తల్లులందరి గతీ అదే అయింది. అందరూ ఒక్కసారే అడిగారు. కమిటీ అన్ని ఇళ్ళలోనూ వద్దంది. వేసవంతా ఆ ముగ్గురూ డికాక్షన్ వాసనల మధ్య తిరిగి, ఒక్క చుక్క నోట్లో పడక, తలనొప్పులతో చిక్కిపోయారు. సొంత ఇంట్లో తాగుదామంటే నిష్పాక్షికత దెబ్బతింటుందని కరస్పాండెంటుగారు ఒప్పుకోలేదు. నాలిక ఖాళీగా ఉండాలన్నారు.

రెండో విడత పరిశీలనకు ముందు, సత్యవేణి వాళ్ళ గేటు బయట కారులో కూర్చుని ముగ్గురూ 'తీసుకుంటామమ్మా' అని గట్టిగా సాధన చేశారు. బాబ్జీ మేడ మీంచి విన్నాడు. లోపలికొచ్చాక సత్యవేణి అడిగింది. కరస్పాండెంటుగారు నోరు తెరిచారు. తెరిచి, "ఎందుకమ్మా నీకు శ్రమ" అన్నారు. అనేసి, తన నోటి వైపు తనే చూసుకోవాలన్నట్టు కళ్ళు కిందికి దించారు.

"సరేనండి" అంది సత్యవేణి, ఏడుపు గొంతుతో.

యాజమాన్యం అత్యవసరంగా సమావేశమైంది. 'అతిథి వద్దన్నచో కావలెనని అర్థము' అని నిబంధన సవరిద్దామన్నారు దక్షిణామూర్తిగారు. స్కూలు లాయరుగారు నమస్కారం పెట్టి, "ఆడపిల్లలు చదివే బడి లెటర్‌హెడ్ మీద ఈ వాక్యం వేసి కింద సంతకం పెట్టేదెవరో ముందు చెప్పండి" అన్నారు. దక్షిణామూర్తిగారు తన కలం మూసి జేబులో పెట్టుకున్నారు.

అప్పుడు సమ్మతి అధికారి అనే కొత్త పదవి సృష్టించారు. ఇంటింటికీ వెళ్ళి, అడగ్గానే 'కావాలి' అనడమే ఆయన విధి. ప్రకటన ఇస్తే పెద్ద పెద్ద చదువులవాళ్ళు వచ్చి గేటు దాకా వరస కట్టారు. ఇంటర్వ్యూలో ఒక్కటే ప్రశ్న, కాఫీ తీసుకుంటారా అని.

"పర్లేదండి, ఇప్పుడే తాగాను" అన్నాడు మొదటి అభ్యర్థి.

"అబ్బే, మీకెందుకండీ..." అన్నాడు రెండో ఆయన, సిగ్గుపడుతూ.

ఒక కుర్రాడు మాత్రం గుండెనిబ్బరంగా "కావాలి" అన్నాడు. ఇంత మొహమాటం లేని మనిషిని నలుగురిళ్ళకూ పంపడం ప్రమాదమని వాడిని తీసుకోలేదు. పదవి ఖాళీగానే ఉంది.

జూన్ వచ్చేసింది. చుట్టుపక్కల బళ్ళన్నీ తెరిచారు. వీధిలో పిల్లలు సంచులు తగిలించుకుని వెళ్తుంటే కుందన గేటు ఊచలు పట్టుకుని, "నేనెప్పుడెల్తానే అమ్మా?" అని రోజూ అడిగేది. సత్యవేణి దాని జుట్టు దువ్వి, రెండు పిలకలు వేసి, మళ్ళీ విప్పేది. పక్కవీధి బళ్ళో వేసేద్దామని బాబ్జీ అన్నాడు. ఇంకొక్కసారి చూద్దామండి అని బతిమాలింది.

చివరి విడత పరిశీలనకు కమిటీ వచ్చినప్పుడు బయట ఉక్కగా మబ్బుపట్టి ఉంది. దక్షిణామూర్తిగారి చొక్కా ఆయన మీద వేలాడుతోంది. ప్రణీతి మేడం గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. సత్యవేణి అడిగింది. ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి, "వద్దమ్మా... ఇప్పుడే..." అన్నారు కరస్పాండెంటుగారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పడగ్గది తలుపు దభాలున తెరుచుకుంది.

"ఇప్పుడే తాగొచ్చారా? ఎక్కడ తాగొచ్చారయ్యా? మొకాలు చూసుకున్నారా అద్దంలో?" అంటూ రత్నమ్మ వంటింట్లోకి దూసుకుపోయింది. "అత్తయ్యగారండీ, వద్దండీ, సీటు పోద్దండీ!" అని సత్యవేణి వెంటపడింది. రత్నమ్మ వినలేదు. స్టీలు గ్లాసుల్లో కాఫీ పోసి, నురగ వచ్చేలా తిరగబోసి, తెచ్చి ఒక్కొక్కరి చేతిలో కుక్కింది. "మాట్టాడకుండా తాగండి. కాదన్నారంటే నామీదొట్టే."

ముగ్గురూ తాగారు. తాగుతున్నంతసేపూ ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. రత్నమ్మ మళ్ళీ పోసింది. మళ్ళీ తాగారు. ప్రణీతి మేడం గ్లాసు అడుగు నురగ కూడా వేలితో తీసుకుంది. ఏ పండు వాసనా ఎవరికీ గుర్తు రాలేదు.

సత్యవేణి గుమ్మానికి జారబడి నిలబడింది. అంతా అయిపోయిందనుకుంది.

దక్షిణామూర్తిగారు మూతి తుడుచుకుని నిటారుగా కూర్చున్నారు. కాఫీ లోపలికి పోయేసరికి ఆయనలో తహసీల్దారు లేచాడు. "నిబంధన తల్లికి మాత్రమే వర్తించును. అత్తగారి ప్రస్తావన అందులో లేదు. డికాక్షన్ దించినది తల్లి. బలవంతపెట్టినది అత్తగారు. కనుక సమ్మతి కిందా, నాణ్యత కిందా సంపూర్ణ మార్కులు మంజూరు చేయుటకు ఎట్టి అభ్యంతరమూ లేదు."

"అద్భుతం!" అన్నారు కరస్పాండెంటుగారు. "మిగిలిన ఇళ్ళలో కూడా అత్తగార్లను ప్రవేశపెట్టించండి మేడం. సమస్య తీరిపోయింది." లేచి నిలబడి కోటు గుండీ పెట్టుకున్నారు. సత్యవేణి కూడా నిటారుగా నిలబడింది.

"అమ్మా సత్యవేణీ. మా సంస్థలో ఏదైనా సమ్మతితోనే జరుగుతుంది. కాఫీ అయినా, సీటయినా. మీ అమ్మాయికి ఎల్‌కేజీలో సీటు ఇస్తున్నాం. తీసుకుంటారా?"

సత్యవేణికి ఒళ్ళంతా పొంగిపోయింది. ఎంత పెద్ద మనిషి, ఎంత పెద్ద మాట, తన హాల్లో నిలబడి అడుగుతున్నాడు. రెండు చేతులూ జోడించి, కళ్ళనీళ్ళతో, మర్యాద ఎరిగిన ఇంటి పిల్ల అనవలసిన మాటే అంది.

"అయ్యో... మాకెందుకండీ అంత... మీకు శ్రమ కదండీ."

ప్రణీతి మేడం ట్యాబు మీద వేలు ఆనించి, "నిరాకరణ" అంది మెల్లగా.

"ఏంటి నిరాకరణ? కావాలనేగా అది అంటంది! దాని మొకం చూడండి! ఇంకోసారడగండయ్యా బాబూ!" అంది రత్నమ్మ.

కరస్పాండెంటుగారి మొహం నిజంగానే చిన్నబోయింది. ఆయనకూ అడగాలనే ఉంది. ఆ కాఫీ రుచి ఇంకా నాలిక మీదే ఉంది. "రెండోసారి అడగడం వేధింపు అవుతుందండీ" అని నమస్కారం పెట్టి బయటికి నడిచారు. మిగతా ఇద్దరూ తల దించుకుని వెనకే వెళ్ళారు.

సత్యవేణి గేటు దాకా వెళ్ళింది. పిలుద్దామనుకుంది. సీటు ఇమ్మని మనంతట మనం వెంటపడి అడిగితే ఏమనుకుంటారో అని ఆగింది. కారు మలుపు దగ్గర కాసేపు ఆగినట్టే ఆగింది. ఆమె కుందనను ఎత్తుకుని, తిరిగొస్తారేమో అని అలాగే నిలబడింది. చినుకులు మొదలయ్యాక కారు కదిలి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కమిటీ అన్ని ఇళ్ళకూ వెళ్ళింది. అత్తగార్లు కాఫీలు పట్టించారు. మార్కులు పడ్డాయి. సీటు తీసుకుంటారా అని ప్రతి తల్లినీ ఒక్కసారి అడిగారు. ప్రతి తల్లీ చేతులు జోడించి, మీకెందుకండీ శ్రమ అంది.

పేపర్లో జిల్లా పేజీలో కరస్పాండెంటుగారి ఫోటో వేశారు. బాబ్జీ అరుగు మీద కూర్చుని పైకి చదివాడు. "'సీట్లు ఇస్తామన్నా తీసుకునే తల్లులు కరువయ్యారు. మన ప్రాంతంలో చదువు పట్ల ఆసక్తి సన్నగిల్లుతోందనడానికి ఇదే తార్కాణం. వచ్చే ఏడాది తల్లులకు అవగాహన సదస్సులు నిర్వహించదలచితిమి' అని విశ్వంభరరావుగారు ఆవేదన వెలిబుచ్చారు."

సత్యవేణి కుందనకు పక్కవీధి బడి సంచి భుజానికి తగిలిస్తోంది. సంచి పట్టీ పొట్టి చేస్తూ, తల ఎత్తకుండా అంది.

"ఇంకొక్కసారి అడిగితే ఆళ్ళ సొమ్మేం పోయిందండీ?"

బాబ్జీ పేపరు మడిచాడు. "నువ్వడిగావేంటి, ఆళ్ళని?"